నడుం కుట్టు

తీరి లోపలికొస్తూనే తలుపు గడియ పెట్టింది. సంచిలోంచి పైలట్ డ్రెస్సు తీసి కుట్టు మిషను మీద పడేసింది.

బర్మాలో బట్టలు కుట్టుకు బతికే తెలుగు మనిషి అచ్చమ్మ కుట్టు ఆపింది. తీరి ఎదురింటి బర్మా పిల్ల. అచ్చమ్మ కూతురు తారతో ఆడుకుంటూ తెలుగు నేర్చింది. ఇప్పుడు మిలిటరీ విమానం నడుపుతూ, సైన్యం మీద తిరగబడిన ఊళ్ళమీద బాంబులు వేస్తోంది. అలాంటి ఊళ్ళోనే తార నర్సు.

"తార ఎలగున్నాదత్తా?"

"ఏటవతల దలాలో పని దొరికింది. బాగానే ఉన్నాదే." అందరికీ చెప్పే అబద్ధమే చెప్పింది అచ్చమ్మ.

తీరి నడుముకి టేపు చుట్టింది. పోయిన నెల డ్రెస్సు నడుం వదులు చేసినప్పుడు ఒళ్ళొచ్చిందనుకుంది. ఇప్పుడు చేతికే తెలిసింది, ఐదో నెల.

"ఏటే ఇది? మీవోళ్ళకి తెలిస్తే విమానం ఎక్కనిత్తారేటే?"

"ఎక్కనివ్వరు. అందుకే దాసినాను."

"ఇంక వదులు సెయ్యడానికి లోపల గుడ్డ నేదే."

"వదులొద్దు, బిగించు. రేపు పొద్దున్న వరసలో నిలబడితే పొట్ట అందరికీ కనపడాల, ఆళ్ళే నన్ను దింపెయ్యాల."

"నోటితో సెప్పొచ్చు కదే?"

"ఇన్నాళ్ళూ సెప్పనిది ఇప్పుడెందుకంటారు." తీరి గొంతు తగ్గించింది. "రేపెల్లాల్సిన ఊరి పేరు ఇయాల సెప్పినారు. నాను దిగిపోయినా ఇంకొకలు ఎల్తారత్తా. తారని ఇప్పుడే ఆ ఊరినుంచి కదలమను."