ఆరో ఎర్ర చీటీ

మూట మీద ఎర్ర చీటీ చూడగానే మియోషికి నీరసం వచ్చేసింది.

‘నియమం పాటించలేదు. తీసుకోలేము.’

ప్రమాదకరమైన చెత్తను నెలకొక్కసారే, రెండో బుధవారం పొద్దున ఎత్తుతారు. నలభై ఇళ్ళవాళ్ళు వీధి చివర పెట్టినవాటిలో ముప్ఫై తొమ్మిది సంచులు బండెక్కి వెళ్ళిపోయాయి. మిగిలింది ఒక్కటే. పారదర్శకమైన సంచి ఉండాల్సిన చోట పువ్వుల గుడ్డ మూట. దానికి కట్టిన అట్టముక్క మీద ముత్యాల్లాంటి అక్షరాలతో పేరు: ఇసోబె చిగుసా.

“ఆరు నెలలు, ఆరు చీటీలు,” అంది వెనకనుంచి హంజావా. వీధి సంఘం అధ్యక్షురాలు. “ఆవిడకి మతి తప్పుతోంది మియోషి గారూ. ఇవాళ చెత్త దగ్గర మర్చిపోయింది, రేపు పొయ్యి దగ్గర మర్చిపోతుంది. మునిసిపల్ ఆఫీసుకి ఫోన్ చేసి చెప్పండి. ఏదో ఒక వృద్ధాశ్రమంలో చేరుస్తారు.”

“నేనా?”

“చెత్త బాధ్యత మీదేగా! సాయంత్రం మీటింగులోగా చెయ్యండి. నేను చేశానంటే ఇంత మెత్తగా చెప్పను.”

మియోషి వంగి మూట అందుకున్నాడు. ముప్ఫై ఏళ్ళు స్టేషన్ మాస్టరుగా చేసిన మనిషి. రైళ్ళ టైంటేబులుకి వేసినట్టే చెత్త నియమాల పుస్తకానికీ అట్ట వేసుకున్నాడు. అంచులు లోపలికి మడిచి, జిగురుతో అంటించి మరీ. భార్య పోయి నాలుగేళ్ళయింది. అప్పటినుంచీ ఆ పదిహేను పేజీలే అతనికి పారాయణం.

మూట పట్టుకుని ఇసోబె ఇంటికి వెళ్ళాడు. గంట నొక్కకముందే తలుపు తెరుచుకుంది.

“రండి మియోషి గారూ. టీ సిద్ధం.”

బల్ల మీద రెండు కప్పులు, రెండు పళ్ళేల్లో బియ్యప్పిండి అప్పాలు. ఉండేది ఒక్కతే. ఎవరూ రాకముందే రెండు కప్పులు దేనికి? మియోషికి హంజావా మాట గుర్తొచ్చింది.

“ఇసోబె గారూ, ఇవాళ ఏ వారం?”

“రెండో బుధవారం.”

“అది గుర్తుందే! మరి ఈ మూట ఏమిటి?”

“పాత జ్వరం కడ్డీ, అదే థర్మామీటరు. పాదరసం ఉందిగా, పగిలితే ప్రమాదమని దూదిలో చుట్టి, రేకు డబ్బాలో పెట్టి, మూట కట్టాను.”

“చుట్టడం బ్రహ్మాండం! కానీ గుడ్డలో పెడితే లోపల ఏముందో బండివాళ్ళకేం తెలుస్తుంది? పెళ్ళి కానుక అనుకోరూ?”

“అయ్యో, అలాగా!” ఆమె కళ్ళు పెద్దవి చేసింది. “కాస్త వివరంగా చెప్పండి. కూర్చోండి, కూర్చోండి.”

అతను కూర్చుని పుస్తకం తెరిచాడు. “ఆరో పేజీ. ఏప్రిల్‌లో మొదటి పేజీ బ్యాటరీలు తప్పారు. మేలో రెండో పేజీ లైటర్లు. జూన్‌లో మూడు, జూలైలో నాలుగు. పోయిన నెల రంగు డబ్బాలు, అయిదో పేజీ. చేసిన తప్పు మళ్ళీ చెయ్యరు. కొత్తది చేస్తారు!”

“ఇంకా ఎన్ని పేజీలున్నాయి?”

“తొమ్మిది.”

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. “అంటే వచ్చే జూన్ దాకా.”

“ఏమిటి జూన్ దాకా?”

“ఏం లేదు. టీ చల్లారిపోతోంది, తాగండి.”

పాపం, మాటకీ మాటకీ పొంతన లేదు. మియోషి మెల్లిగా అడిగాడు. “నిరుడు ఈ వీధికి రాకముందు మీరేం చేసేవారు?”

“ఏదో ఆఫీసులో కాగితాలు రాసేదాన్ని. దాని సంగతెందుకు, పుస్తకం చెప్పండి.”

“ఇదిగో, చూడండి. పారదర్శకమైన సంచి. బొమ్మ కూడా వేశారు. ఇది జ్వరం కడ్డీ. ఎందుకో ఏడుస్తోంది. గీసినవాడెవడో గానీ, నా మనవడు ఇంతకన్నా బాగా గీస్తాడు.”

ఇసోబె మొహం చిన్నబోయింది. “దాన్ని పారేస్తున్నారని ఏడుస్తోంది. నాకు బాగానే ఉంది.”

“బాగుందా? ఇది జ్వరం కడ్డీయా, ముల్లంగా?”

ఆమె చేతిలోని టీ కూజా తొణికింది. టీ పుస్తకం మీద పడింది. మియోషి కంగారుగా అందుకుని తడిసిన అట్ట విప్పబోయాడు.

“అట్ట తీయకండి!” దాదాపు అరిచింది ఆమె. లాక్కుని తువ్వాలుతో ఒత్తి, ఒత్తి, తిరిగి ఇచ్చింది. “అలాగే ఎండిపోతుంది. నా మాట వినండి.”

అట్ట కోసం అరుపులు కూడానా! ఇక సందేహం లేదు. హంజావా చెప్పిందే నిజం.

గుమ్మం దాకా వచ్చి ఆమె అడిగింది. “వచ్చే నెల మళ్ళీ తప్పు జరిగితే చెప్పడానికి వస్తారు కదూ?”

మియోషి తడి పుస్తకం చంకలో పెట్టుకుని చెప్పులు వేసుకున్నాడు.

ఇంటికొచ్చి ఫోన్ ముందు గంటసేపు కూర్చున్నాడు. అతను ఫోన్ చేస్తే ఆ తలుపు ఇక తెరుచుకోదు. రెండో బుధవారం టీ ఉండదు. అప్పాలుండవు. ఆరు నెలలుగా తన మాట ఎవరైనా చివరిదాకా విన్నారంటే, అది ఆవిడే. కానీ ఎప్పుడైనా పొయ్యి ఆర్పడం మర్చిపోతే? పెద్ద స్టేషన్ మాస్టరు! ప్రమాదం కనిపిస్తుంటే జెండా ఊపడా?

ఊపాలి. మునిసిపల్ ఆఫీసు నంబరు పుస్తకం వెనక అట్ట లోపలివైపు ఉంటుందని గుర్తు. తాను వేసిన కాగితం కిందే ఉండాలి. టీకి జిగురు నానిపోయింది. మడత పట్టి లాగితే అంచు ఊడి వచ్చేసింది. అడుగున నంబరు ఉంది. రిసీవరు ఎత్తి మూడు అంకెలు నొక్కాడు.

నాలుగోది వెతుకుతుంటే నంబరుకి పైన ఉన్న చిన్న అక్షరాల మీద అతని చూపు పడింది.

‘మాటలు, బొమ్మలు: ఇసోబె చిగుసా.’