ఊడ్చిన బాట

ఆ ఏడు చెంచురామయ్య చేతిలో ఉన్నవి జూలూరుపాడులో ఒక గోదాము, ఒక పాత డీసీఎం బండి, ఎదురుగా ఒక గుట్ట.

గుట్ట ఆయనది కాదు. కానీ గోదాము నిండేది దానితోనే. ఇప్పపువ్వు, తేనె, సారపప్పు అన్నీ అక్కడినుంచే దిగేవి.

మాఘమాసంలో సరుకు బేరానికి వెళ్తే, గుట్ట మొదట్లో ఒక ముసలాయన ఎండుటాకులు ఊడుస్తూ కనిపించాడు. గుట్ట అంచు వెంట, బండి పట్టేంత వెడల్పున నేల బాటలా నున్నగా ఉంది.

"ఏంది తాతా, అడివికి పెళ్లిచూపులా?"

ముసలయ్య నడుము ఎత్తలేదు. "ఆకు రాలింది సేటూ. ఊడ్వాలె."

"ఎవరు చెప్పిండ్రు?"

"మా నాయిన ఊడ్చిండు. ఆయన నాయిన ఊడ్చిండు."

పనికిరాని పనికి ఇంత ఒడుపా అనుకున్నాడు చెంచురామయ్య. వృథాగా పోయేదాన్ని పనిలో పెట్టడమే గదా వ్యాపారం!

"నా గోదాము ఊడ్వు. రెండుపూటలా అన్నం, నెలనెలా జీతం."

ముసలయ్య గుట్టవైపు చూశాడు. "వస్త. ఆకు రాలే నెల మాత్రం ఇడవాలె."

"అట్లనే కానీ."

ఏడాది తిరిగింది. ఈ గోదాములోకి ఎలుక కూడా కాళ్లు కడుక్కొనే వస్తుందని హమాలీలు నవ్వేవాళ్లు.

మళ్లీ మాఘం వచ్చింది.

"సేటూ, పోయొస్త."

"కొత్త సరుకు కోసం గోదాము ఖాళీ చేస్తుంటే ఇప్పుడా? వచ్చే వారం చూద్దాం."

వారం ఆగి మళ్లీ అడిగాడు.

"గుట్ట మీద ఎవరు నడుస్తరని ఊడ్వాలె? ఇప్పసారా యాదికొచ్చిందని చెప్పరాదూ!"

హమాలీలు నవ్వారు. ముసలయ్య నవ్వలేదు. జీతానికి ఒప్పుకున్న మనిషి, మూడోసారి అడగలేదు.

ఫాల్గుణంలో గుట్ట మీద పొగ లేచింది.

చల్లారాక చెంచురామయ్య బండి తీయించుకొని వెళ్లాడు. ఇప్పచెట్లు నల్లగా నిలబడి ఉన్నాయి. పువ్వు ఏరే జంపక్క ఖాళీ గంప పక్కన కూర్చుని ఉంది.

"నిప్పు ఎవరు పెట్టిండ్రు?"

"మేమే సేటూ. రాలిన పూవు కనబడాలని చెట్టుకింద ఆకు కాలుస్తం. ఏటా చేసేదే."

"మరి ఏటా గుట్ట కాలలేదు గదా?"

"ఊడ్చిన బాటకాడికి రాంగనే మంట ఆగిపోతుండె. ఆకు లేనిచోట దానికి తిండేది?"

"ఈసారి మీరు ఊడ్వలేకపోయిండ్రా?"

"అది ముసలయ్య మామ ఇంటి వంతు. ఇంకొకరు ఆ చీపురు ముట్టరు. వస్తడు వస్తడనే చూసినం." జంపక్క గంప బోర్లించింది. "మీకాడ కొలువంట గదా?"

ఆయన తిరిగొచ్చేసరికి ముసలయ్య లేడు. చీపురు గోడకు ఆనించి ఉంది.

చెంచురామయ్య తలుపు దగ్గరే నిలబడి ఆ ఏటి లెక్క చూసుకున్నాడు. గుట్టంతటినీ కాపాడే మనిషి చేత ఊడ్పించుకున్న గోదాము మిగిలింది, లోపల పెట్టడానికి పిడికెడు పువ్వు లేదు.