తడి చేరినప్పటి నుంచి

కాలువలో ఎవరో నడుస్తుండడం చూసి, కుళ్లాయప్ప కట్టె పట్టుకుని పరుగెత్తాడు.

రెండు వేల రెండు. వాన మొహం చాటేసిన ఏడు. ఊటకాలువ సన్నబడిపోయింది.

దాని ఎగువన కర్ణాటక ఊరు, దిగువన కుళ్లాయప్ప వాళ్ల ఆంధ్ర ఊరు. తాతల నాటి ఒప్పందం ప్రకారం పై ఊరికి నాలుగు రోజులు, కింది ఊరికి మూడు.

కుళ్లాయప్ప వరి పొట్ట మీదుంది. ఇంకొక్క తడి అందితే గింజ, అందకపోతే గడ్డి.

"ఎవరప్పా నువ్వు? నీళ్లు మళ్లిస్తాండావా?"

"లేదన్నా, నీళ్ల ఎనకాల నడుస్తాండా." ముసలాయన పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకుని ఉన్నాడు. "నిన్న పొద్దున పైన మడవ తెరిచినారు. చూడు, మీ పొలిమేరకు ఇప్పుడొస్తాండాది."

"అది మాకు తెల్దా? ఎగతాళి చేసి రమ్మని పై ఊరోళ్లు పంపినారా?"

ఆయన నవ్వాడు.

"పైనుంచే వచ్చినా. ఎండిన కాలువ మీ నీళ్లు తాగేస్తాండాది. మూడు దినాల్లో ఒకటి దానికే పాయె. మడవ తెరిచినప్పటి నుంచి కాదు, మీ పొలిమేరకు తడి చేరినప్పటి నుంచి మూడు దినాలు లెక్క కట్టమని అడగండి."

"అడిగితే ఇచ్చేస్తారా, మా మామగార్లు! పోప్పా, పో!"

కుళ్లాయప్ప భార్య మారెక్క మాత్రం చెంబుతో నీళ్లిచ్చింది. ఆయన సగం తాగి, సగం తిరిగిచ్చాడు.

మూడో నాడు రెండు ఊళ్లూ కూర్చున్నాయి. కుళ్లాయప్ప ఆ మాటే తన మాటగా గట్టిగా అడిగాడు.

పై ఊరివాళ్లంతా వెనక్కి తిరిగి, చివర కూర్చున్న ఆ ముసలాయన వైపు చూశారు. ఆయన తల ఊపాడు. వాళ్లూ ఊపారు.

"చూస్తివా, గట్టిగా అడిగితే ఎట్ల దిగొచ్చినారో!" ఇంటికొచ్చి మీసం దువ్వుకున్నాడు కుళ్లాయప్ప.

"ఆ మాట నేర్పినాయన్ను కట్టె పట్టుకుని తరిమితివి," అంది మారెక్క.

ఆ వారం నుంచి మూడు రోజులూ నిండుగా నీళ్లొచ్చాయి. వరి పండింది.

కోతలయ్యాక, మారెక్క పోరు పడలేక, కొత్త బియ్యం మూటతో ఆ ముసలాయన్ను వెతుక్కుంటూ పై ఊరికి వెళ్లాడు.

"వీరప్పనా? మొన్ననే పెండ్లాన్ని తోడ్కొని బళ్లారికి కూలికి పాయె," అన్నాడు అక్కడ నీళ్ల వంతులు వేసే నాగప్ప.

"అదేమప్పా! ఇంత నీళ్లుండే ఊర్లో ఆయనకేం తక్కువాయె?"

నాగప్ప కాలువ పక్కనే నెర్రెలిచ్చిన మడి చూపించాడు.

"మీకిచ్చిన ఆ ఒక్క దినం ఊరిది కాదప్పా, వీరప్ప వంతు."