డంపర్ ఆయిల్

“దీనికి ఏం పూస్తున్నవు కాకా?” అంది పశువుల డాక్టరమ్మ, మోతి వీపు చూస్తూ.

“డంపర్ లారీలకెల్లి తీసిన పాత ఆయిల్ మేడం. కుక్కలకు గజ్జి లేస్తే మా కాలనీల అందరం గదే పూస్తం,” అన్నాడు పోశం.

“గది తోలును కాలుస్తది. అందుకే నాలుగు నెలలైనా గోకుడు తగ్గుతలేదు. ఇగ పూయకు.”

ఇంటికొచ్చి, పారబోద్దామని ఆయిల్ డబ్బా తీశాడు పోశం. చప్పుడు వినగానే మోతి పరుగెత్తుకొచ్చి, తోకాడిస్తూ, పుండ్ల వీపు తిప్పి కూర్చుంది.

ఎప్పుడూ అంతే. పూస్తుంటే వణికేది, కానీ లేచేది కాదు. మందు పనిచేస్తోందనుకునేవాడు.

“వద్దు బిడ్డా,” అన్నాడు. అది కదల్లేదు.

గజ్జి తనకు అంటుకుంటుందని, ఈ నాలుగు నెలల్లో పోశం దాని మీద చెయ్యి వేసింది ఒక్క ఆయిల్ పూసేటప్పుడే.