రైటింగ్‌లో ఆరు

"ఆవిడ ఇంకా చెప్పనే లేదు. నువ్వు రాసేశావు."

హెలెనా ఉలిక్కిపడింది. ఫోన్‌లో ఒకావిడ గొంతుతో లిజనింగ్ రికార్డింగ్ నడుస్తోంది. పక్కన వాషింగ్ మెషీన్ తిరుగుతోంది.

సిడ్నీ వెస్ట్‌మీడ్‌లో ఆ ఎర్రిటుకల ఫ్లాట్లన్నిటికీ కింద ఒకటే లాండ్రీ గది. పైన రెండు గదుల్లో ఐదుగురు అమ్మాయిలు. చదువుకోవడానికి హెలెనాకు ఈ స్టూలే దిక్కు.

మాట్లాడినవాడు కింది ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే లాజరస్. ఆసుపత్రిలో రోగుల మంచాలు తోసే పని. ఒంటి మీద ఇంకా ఆ నీలం యూనిఫామే ఉంది.

"ముప్పైసార్లు విన్నానంకుల్ ఇది. జవాబులన్నీ నోటికొచ్చు."

"అంటే వినడం మానేసి చాలా రోజులైంది."

ఆమెకు మండింది.

ఇంగ్లీషు పరీక్షకు ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి. ఇది మూడోసారి. నాలుగు విభాగాల్లోనూ తొమ్మిదికి ఏడు రావాలి. రెండుసార్లూ రైటింగ్‌లో ఆరు దగ్గర ఆగిపోయింది. ఇప్పుడూ రాకపోతే నర్సింగ్ సీటు ఉండదు. సీటు లేకపోతే నెలాఖరుకు వీసా ఉండదు.

"ఎస్సే ఏది, చూపించు."

ఇవ్వకపోతే కదిలేలా లేడు. ఇచ్చింది.

లాజరస్ మొదటి వాక్యం చదివి కాగితం మడిచేశాడు.

"మూడో పేరాలో చెన్నైలో ఒక స్నేహితుడుంటాడు. జంక్ ఫుడ్ తిని గుండెపోటు తెచ్చుకుంటాడు. అవునా?"

"మీకెలా తెలుసు?"

"ఇక్కడికొచ్చిన ప్రతి తెలుగు పిల్లకీ చెన్నైలో వాడొక్కడే స్నేహితుడు. పరీక్ష దిద్దేవాళ్లకి కూడా బాగా తెలుసు వాడు. పాపం, ఏళ్ల తరబడి చస్తూనే ఉన్నాడు."

హెలెనా నవ్వలేదు. సంచిలోంచి నోట్సు తీసింది. అరవై పేజీల జిరాక్సు. ఒంగోలు కోచింగ్ సెంటర్ల నుంచి సిడ్నీ దాకా చేతులు మారుతూ వచ్చింది. ఏ ప్రశ్న వచ్చినా అందులోని పేరాలు అతికించడమే.

"మా అక్కకి దీంతోనే ఎనిమిదొచ్చింది."

"ఎప్పుడు?"

"పన్నెండేళ్ల కింద."

"అప్పుడొచ్చేది. ఇప్పుడు బట్టీ అని పట్టేసి మార్కులు కోసేస్తున్నారు. తగలబెట్టెయ్ దాన్ని."

"రాసిన సార్ కంటే మీకెక్కువ తెలుసా?"

"వాడికేమీ తెలీదు."

ఆ మాట విని ఆమె బిత్తరపోయింది. ఆ సార్ ఎవరో ఆమెకు తెలియదు. కానీ పరీక్షకు ముందు ఆ నోట్సును బైబిల్ పక్కన పెట్టి ప్రార్థన చేసుకునేది.

"ముసలివాళ్ల హోమ్‌లో పని చేస్తున్నావుగా," అన్నాడు లాజరస్. "నిన్న ఏం జరిగింది?"

"ఒక మామ్మ స్నానానికి రానంది."

"ఏం చేశావు?"

"ఆవిడ చేతికి సబ్బిచ్చి, నా చేతులు కడగమన్నా. కడిగింది. తర్వాత తనే లేచొచ్చింది."

"అదే రాయి."

హెలెనా నాలుగు వాక్యాలు రాసింది. లాజరస్ వాటిని రెండుసార్లు చదివాడు.

"తప్పులున్నాయి. దిద్దుకోవచ్చు. కానీ ఇది నీ ఇంగ్లీషు. రేపు నాకు డ్యూటీ లేదు. రా తల్లీ, కూర్చుందాం."

పైకి వెళ్లి రూమ్మేట్ సుమకు చూపించింది. సుమ పొట్ట పట్టుకుని నవ్వింది.

"సబ్బు మీద ఎస్సేనా! మంచాలు తోసే అంకుల్ నీకు రైటింగ్ గురువా? అంత ఇంగ్లీషు వస్తే ఆ యూనిఫాం ఎందుకేసుకుంటాడే?"

హెలెనా కాగితం చింపేసింది.

మర్నాడు కిందికి వెళ్లలేదు. ఆ మర్నాడూ వెళ్లలేదు. బట్టలు బాత్రూంలోనే ఉతుక్కుంది.

మూడో రోజు లాజరస్ వచ్చి తలుపు తట్టాడు.

"లేనని చెప్పవే," అంది హెలెనా. బయటికి వినబడేంత గట్టిగానే అంది.

ఆయన మళ్లీ రాలేదు.

పరీక్ష రోజు లిజనింగ్‌లో అన్నీ కొత్త గొంతులు. ఆమె బట్టీపట్టిన జవాబు ఒక్కటీ అందులో లేదు.

రైటింగ్‌లో ప్రశ్న వచ్చింది. వృద్ధుల్ని చూసుకోవడం కుటుంబం బాధ్యతా, ప్రభుత్వం బాధ్యతా?

చెయ్యి ఒక్క క్షణం ఆగింది. తర్వాత మామూలుగానే నడిచింది. చెన్నై స్నేహితుణ్ణి ముసలివాణ్ణి చేసి మూడో పేరాలో చంపేసింది.

లిజనింగ్ ఆరున్నర. రైటింగ్ ఐదున్నర.

నెలాఖరుకు ఇంకా ఎనిమిది రోజులు. వెతికితే మళ్లీ పరీక్ష రాయడానికి మరో సెంటర్‌లో ఒక్క సీటు ఖాళీ ఉంది. హెలెనా నోట్సు చంకన పెట్టుకుని కిందికి పరుగెత్తింది. ఆయన కళ్లముందే తగలబెట్టాలనుకుంది. కాళ్లు పట్టుకోవడానికైనా సిద్ధపడింది.

లాజరస్ తలుపు తీసే ఉంది. లోపల నలభై ఏళ్లావిడ అట్టపెట్టెలకు టేపు వేస్తోంది.

"అంకుల్ లేరా?"

"నేను జూడీ. ఆయన డాటర్‌ని. డార్విన్ నుంచి వచ్చా." ఆవిడ టేపు కింద పెట్టింది. "డాడీ లాస్ట్ థర్స్‌డే పోయారు. నిద్రలోనే. డ్యూటీకి రాలేదని హాస్పిటల్ వాళ్లొచ్చి డోర్ ఓపెన్ చేయించారు."

హెలెనా గడప దాటి ఒక పెట్టె పక్కన కూర్చుంది.

"నువ్వు డాడీ స్టూడెంట్‌వా?"

"కాదక్కా. రమ్మన్నారు. నేనే రాలేదు."

జూడీ చూపు ఆమె చంకలోని నోట్సు మీద పడింది. ఆవిడ ముఖం బిగుసుకుంది.

"ఇది ఇంకా తిరుగుతోందా?"

"మీకు తెలుసా?"

"తెలియకపోవడమేంటి? ఎవరి దగ్గర చూసినా డాడీ బర్న్ ఇట్ అనేవారు. చర్చిలో, బస్టాపులో, ఎక్కడైనా. అందరూ నవ్వేవాళ్లు."

"ఆయనకెందుకక్కా ఇదంటే అంత కోపం?"

జూడీ ఆ జిరాక్సు అందుకుని, తిప్పి చూడకుండా పెట్టెలో పడేసింది.

"ఒంగోల్లో ఇంగ్లీష్ లెక్చరర్‌గా ఉన్నప్పుడు, నాకోసం కూర్చుని ఆ సిక్స్‌టీ పేజెస్ రాసింది డాడీయే."