కింద మనిషి ఉండాడు

“కింద మనిషి ఉండాడు సారూ. డ్రోన్ ఇట్లా రానీకండి.”

వాకీటాకీలో ఆ మాట చెప్పింది కృపానందం. ఆ మనిషి నిలబడింది ఊళ్ళో ఎవరి పొలంలోనో కాదు. తన తల్లి లిడియమ్మ పొలంలో.

కుప్పం పక్కన ఈ గుట్ట మీద అతన్ని రోజుకూలికి నిలబెట్టారు. భూముల సర్వేకి డ్రోన్ నడిపే సుదర్శన్ ఆరు కిలోమీటర్ల అవతల, బడి మైదానంలో ఉన్నాడు. అక్కడినుంచి డ్రోనూ కనపడదు, దాని కిందేముందో కనపడదు. చూసి చెప్పాల్సింది కృపానందమే. మనుషుల మీదుగా ఎగరెయ్యకూడదని రూలు. రూలు రాసినవాళ్ళెవరూ గుట్ట ఎక్కరు.

“ఎవరన్నా అది?” అన్నాడు సుదర్శన్.

“తెల్లబట్టలు. ఇంత దూరానికి మొగం యాడ తెలుస్తాది? పక్కనుండే రాళ్ళ క్వారీ మేస్త్రీ అయింటాడు. ఈ పక్క రోజూ తెల్లచొక్కా వేసేది ఆయప్పొక్కడే. పైనించి హద్దు కనపడాలని మాయమ్మ నిన్న గట్టంతా సున్నం పోసింది సారూ. పొలం మ్యాపులో పడకుండా వాడొచ్చి మధ్యలో నిలబడ్నాడు.”

“ఇంకో సుట్టు తిప్పుతా. అంతలోపల పంపించెయ్.”

కృపానందం అరిచాడు. గాలి ఆ అరుపును ఎటో ఎత్తుకుపోయింది. తెల్లబట్టల మనిషి కదల్లేదు. అమ్మకు ఫోన్ చేశాడు. ఆమె పొలానికి వచ్చి అడిగిందంటే మేస్త్రీ కాదు, వాడి అబ్బ కూడా నిలబడడు. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

“నేనే దిగి పోతా సారూ. పది నిమిషాలు.”

“నువ్వు దిగితే సూసేవాడు లేడు. డ్రోన్ దింపెయ్యాల్సిందే. రేపు పొద్దున మేము మదనపల్లెలో ఉండాల. మళ్ళీ ఈడికి రాము.”

“మరి మా పొలం?”

“మ్యాపులో ఖాళీగా పోతాది.”

ఖాళీ అంటే ఏమిటో ఆ పక్క ఎవరికీ వివరించి చెప్పక్కర్లేదు. ఖాళీగా కనపడిన నేల కావాలని క్వారీవాళ్ళు మర్నాడే అర్జీ పెడతారు. ఇచ్చేవాళ్ళు ఇస్తారు.

డ్రోన్ తిరిగి గుట్ట దాకా వచ్చింది. తేనెటీగల గుంపులా మోత.

“అన్నా, బ్యాటరీ అయిపోతాంది. ఇదే ఆఖరు. నువ్వేం చెప్తే అదే. ఉండాడా, లేడా?”

లేడు అంటే చాలు. మాట నాలుక చివరికొచ్చింది. పోయిన నెల పుంగనూరు దగ్గర ఇలాంటి డ్రోనే ఒకటి రెక్క విరిగి ఆవు మీద పడింది. ఆ ఆవు మళ్ళీ లేవలేదు. మేస్త్రీ అయినా మనిషే గదా, వాడు పాడుగాను.

“ఉండాడు,” అన్నాడు కృపానందం.

డ్రోన్ పొలాన్ని తప్పించుకుని పక్కకు పోయింది.

కాసేపటికి వాకీటాకీ “దింపేసినాం” అంది. కృపానందం చేతికందిన రాయి తీసుకుని గుట్ట దిగి పరిగెత్తాడు. ముళ్ళు గీరుకున్నా ఆగలేదు. గట్టు దూకాడు. రాయి ఎత్తిన చెయ్యి అలాగే నిలిచిపోయింది.

సున్నం గీతల నడుమ, చర్చికి తప్ప కట్టని తెల్లచీరలో, పట్టా పుస్తకం ఎదకు ఆనించుకుని, తల పైకెత్తి నిలబడి ఉంది లిడియమ్మ.

“ఇంగ కదలచ్చా నాయనా?” అంది కొడుకును చూసి. “సేతిలో ఫోనుంటే బాగుండదని ఇంట్లోనే పెట్టి వచ్చినా. నేలెవురిదో పైనించి సూసేవాళ్ళకు తెలియాల గదప్పా, అందుకే పొద్దున్నుంచి ఒక్కడుగు పక్కకు పోలేదు. ఫోటోలో బాగా పడ్నానా?”