తాతే రుజువు

నాగావళి నీళ్ళు గుమ్మం ఎక్కి, మర్నాటికి దిగిపోయిన ఏడాది. బురదంటిన బట్టలన్నీ ఉతుకుతుంటే తాయారుకు మనవడు తిరుమలరావు పంట్లాం జేబులో చిన్న పొట్లం దొరికింది. విప్పితే ఏదో ఎండిన ఆకు. ఏమిటో తెలియక, క్లోరిన్ బిళ్ళలు పంచుతూ అప్పుడే వాకిట్లోకి వచ్చిన నర్సు శాంతి చేతిలో పెట్టింది.

శాంతి ముక్కు దగ్గర పెట్టుకుని ఉలిక్కిపడింది.

"పిన్నీ, ఇది గంజాయి!"

అక్కడే కూర్చున్న తిరుమలరావు పారిపోదామని ఒక్క ఉదుటున లేచాడు. తాయారు వీధి దారికి అడ్డంగా చీపురు పట్టుకుని నిలబడింది. ఇంటర్ రెండో ఏడు చదివే కుర్రాడు, తలుపంత ఎత్తున్నాడు, మామ్మ చీపురును మాత్రం దాటలేకపోయాడు.

"ఎన్నాళ్ళనుంచిరా గుంటడా?"

"రెండుసార్లే తాగినాను. జతగాళ్ళు ఇచ్చినారు. దీనివల్ల ఏటీ అవదు మామ్మా."

"ఏటీ అవదా?" శాంతి గట్టిగా అంది. "పాతికేళ్ళు వచ్చేదాకా మనిషి బుర్ర ఎదుగుతానే ఉంటాది. మధ్యలో ఈ పొగ ఎక్కించినావంటే సదివింది నిలవదు. ఉత్తుత్తి భయాలు పట్టుకుంటాయి. కొందరికి లేని మాటలు ఇనపడతాయి."

"అమెరికాలో ఇది మందంట. ఫోన్లో సూసినాను."

"ఎవులికి మందు? నొప్పులతో మంచం పట్టినోళ్ళకి డాక్టరు కొలిసి ఇస్తాడు. నీకేటి నొప్పి? ఫిజిక్సా?"

తాయారు కిసుక్కున నవ్వింది. తిరుమలరావుకు మొహం ఎర్రబడింది. అటూ ఇటూ చూశాడు. అరుగుమీద గోడకానుకుని కూర్చున్న తాత జగన్నాధం కనబడ్డాడు. సాలూరు లారీలు నడిపి మానేసిన మనిషి. రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ. రోజూ భోజనం అయ్యాక చిలుం పట్టి గంజాయి తాగుతాడని ఊరంతటికీ తెలుసు.

"తాతని సూడు నర్సమ్మా! నలభై ఏళ్ళగా తాగుతన్నాడు. తాతలో ఒక్క లోపం సూపించు, ఇప్పుడే మానేస్తాను. నేకపోతే నా పొట్లం నాకిచ్చీ. పందెం!"

"పందెమే," అంది శాంతి. నలభై ఏళ్ళు తాగినవాడిలో ఏదో ఒకటి దొరక్కపోతుందా అని ఆమె ధైర్యం.

ముందు బీపీ చూసింది. నూట ఇరవై, ఎనభై. తిరుమలరావు ఈల వేశాడు.

"బాబాయ్, సాలూరు నుంచి రాయపూర్ దాకా ఊళ్ళు సెప్పు సూద్దాం."

"సుంకి, పొట్టంగి, కోరాపుట్, జైపూర్, జగదల్‌పూర్, కాంకేర్, ధమ్తరి, రాయపూర్," అన్నాడు జగన్నాధం తడుముకోకుండా. కాస్త ఆగి, "కోరాపుట్‌లో టీ బాగుంటాది," అని కూడా చెప్పాడు.

"సేతులు వణుకుతాయేమో. పిన్నీ, సూదీ దారం తే!"

జగన్నాధం కళ్ళజోడైనా పెట్టుకోకుండా ఒక్క పోటుకు దారం ఎక్కించాడు.

తిరుమలరావు వాకిట్లో గంతులేశాడు. "ఓలమ్మో, తాతా! నువ్వు నా దేవుడివి! ఇచ్చీ నర్సమ్మా, పందెం పందెమే!"

శాంతి పొట్లం గుప్పిట్లో బిగించి పట్టుకుంది. వాడు వేళ్ళు విప్పదీస్తున్నాడు. ఇప్పుడు ఇచ్చేస్తే వాడిని ఇక ఆపేవాళ్ళు లేరు.

అప్పుడు తాయారు చీపురు కింద పడేసింది.

"ఇంక దాస్తే గుంటడు సెడిపోతాడు. మావా, నన్ను తిట్టకు," అని మొగుడికి ముందే చెప్పుకుంది. "ఒరే, మీ తాత ఏనాడు గంజాయి తాగినాడ్రా? పెళ్ళైన నెలకే ఈ మావ పొట్లం నా కంటబడ్డాది. మన నార గోగు లేదూ, దాని ఆకూ అలగే అయిదు వేళ్ళు సాపినట్టుంటాది. తెచ్చిన పొట్లం తెచ్చినట్టే కాలవలో కలిపీసి, గోగాకు ఎండబెట్టి, నలిపి, అదే కాగితంలో కట్టీసినాను. నలభై ఏళ్ళు! ఈ మావ ఒక్కనాడు పోల్చుకోనేదు!"

శాంతి నవ్వుతూ అరుగుమీద కూలబడిపోయింది. "అందుకే బీపీ బంగారంలాగున్నాది! కానీ బాబాయ్, ఏ ఆకు పొగైనా పొగే. అది కూడా మానీ."

నవ్వి నవ్వి పొట్లం తీసుకెళ్ళి బ్లీచింగు నీళ్ళలో ముంచింది. తిరుమలరావు రుజువే పోయింది. తాత వైపు చూశాడు. జగన్నాధం తల వంచుకుని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. పాపం ముసలాయన ఏడుస్తున్నాడనుకున్నాడు మనవడు.

తనవల్లే తాత పరువు పోయిందని మర్నాడు పొద్దున్నే గోగు చేలోకి వెతుక్కుంటూ వెళ్ళాడు. భుజాలెత్తు గోగు మధ్య, కాలవ గట్టుమీద నిలబడి జగన్నాధం తన చిలుంను నీళ్ళలోకి విసిరేస్తున్నాడు.

"తాతా, నామీద కోపమా?"

జగన్నాధం తల ఊపాడు, లేదని. చుట్టూ ఒకసారి చూశాడు.

"నీయంత వయసులో, క్లీనరుగా ఉన్నప్పుడు, ఒక్కపాలి తాగినాన్రా. ఎవులో సంపడానికి వస్తన్నారని రెండ్రోజులు లారీ కింద దూరి ఉన్నాను. మరి ముట్టనేదు. తాగనంటే జట్టోళ్ళు నవ్వుతారని పైకి మాత్రం తాగుతన్నట్టే ఉన్నాను. నీకూ అదే బెంగ కదా?"

తిరుమలరావు తల దించుకుని ఊఁ అన్నాడు. తాత ఇన్ని మాటలు ఒక్కసారి మాట్లాడగా వాడెన్నడూ వినలేదు. అంతలోనే ఏదో తట్టి తలెత్తాడు.

"మరయితే తాతా, నలభై ఏళ్ళగా నువ్వు ఇంటికి తెచ్చిన పొట్లాల్లో ఉన్నదేటి?"

జగన్నాధం చుట్టూ ఉన్న చేనంతా చేత్తో చూపించి, నోటిమీద వేలు వేసుకున్నాడు. "మీ మామ్మకి సెప్పకురా, నలభై ఏళ్ళు గోగాకు పారబోసి గోగాకే కట్టినాది."